కదిలే ఇల్లు కొనే ముందు...

విశాఖపట్నం చూడడానికి చుట్టాలు వస్తే మీరు ఎక్కడెక్కడికి తీసుకువెళతారు? పొద్దున్నే సింహాచలం అప్పన్న దర్శనం, మధ్యాహ్నం భోజనాలయ్యాక కైలాసగిరి, సాయంత్రం బీచ్‌రోడ్డు, అక్కడ కురుసుర. అంతే కదండీ! 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమణ పొంది, 2002 నుంచి మన బీచ్ ఒడ్డున మ్యూజియంగా నిలబడి ఉన్న ఆ జలాంతర్గామిని చుట్టాల పుణ్యమా అని నేను పదిసార్లైనా చూసి ఉంటాను. మగవాళ్లు టార్పెడోల దగ్గర ఆగిపోతారు. నేను మాత్రం వంటగది దగ్గర ఆగుతాను. 91 మీటర్ల పొడవున్న ఆ నౌకలో 70 మందికి పైగా ఉండేవారట. అంతమందికీ వండే చోటు చూస్తే మన వంటింటి గట్టు నయమనిపిస్తుంది. పడకలు చూస్తే రైలు బెర్తులు విశాలమనిపిస్తాయి.

మొన్నామధ్య అందులోంచి మెట్లు దిగుతూ మావారు ఉన్నట్టుండి, "చూశావా, ఇంత ఇరుకులో రోజుల తరబడి బతికారు వాళ్లు. మనిద్దరం ఒక వ్యానులో బతకలేమా?" అన్నారు.

ఆ మాట వెనక పెద్ద కథే ఉంది. మావారు ఉక్కు కర్మాగారంలో ముప్పై ఏళ్లకు పైగా షిఫ్టుల్లో పనిచేసి రిటైరయ్యారు. పండగ పూట కూడా డ్యూటీకి వెళ్లిన మనిషి. రిటైరయ్యాక చేతికి వచ్చిన డబ్బుతో ఓ పాత వ్యాను కొని, గాజువాక ఆటోనగర్‌లో లోపలంతా మార్పించి, మంచాలు, పొయ్యి, టాయిలెట్ పెట్టించి దేశమంతా తిరగాలని ఆయన కోరిక. ఫోనులో ఎప్పుడు చూసినా ఆ కారవాన్ల వీడియోలే!

వద్దనడం ఎంతసేపు? కానీ అన్నేళ్లు ఇంటికోసం కష్టపడ్డ మనిషి కోరికని ఒక్కమాటతో కొట్టిపారేయడం న్యాయం కాదు. అలాగని ఉన్న డబ్బంతా చక్రాల మీద పెట్టేయడమూ భయమే. "చీర కొనడానికే నాలుగు షాపులు తిరుగుతాం. ముందు అన్ని రకాల బళ్లూ చూద్దాం" అన్నాను. అలా చూసినప్పుడు నాకు తెలిసిన సంగతులే ఇప్పుడు మీతో చెప్పాలనుకుంటున్నాను. మీ ఇంట్లోనూ ఇలాంటి ముచ్చట బయలుదేరితే పనికొస్తాయి.

మనకి కొత్తేమీ కాదు

కదిలే ఇల్లు అనగానే అదేదో విదేశీ వింత అనుకుంటాం గానీ, మన పెద్దవాళ్ల గూడుబండి ఏమిటంటారు? అడుగున ఎండుగడ్డి, పైన దుప్పటి, ఓ మూల బియ్యం మూట, కింద వేలాడే నీళ్ల కుండ. తీర్థానికి వెళ్లి రావడానికి నాలుగు రోజులు పడితే నాలుగు రోజులూ అదే ఇల్లు. ఓడరేవుకి సరుకు తెచ్చే లారీలు చూడండి. డ్రైవరు సీటు వెనక పడక, ఓ మూల చిన్న స్టవ్వు, నీళ్ల క్యాను, అద్దం దగ్గర దేవుడి పటం. సరదాకి కాదు, బతుకు తెరువు కోసం వాళ్లు నెలలో సగం రోజులు బండిలోనే ఉంటారు.

ఇక మనందరికీ బాగా తెలిసింది కాశీయాత్ర బస్సు. వంటవాళ్లు, గుండిగలు, గ్యాసు పొయ్యిలు, ఉప్పూ పప్పూ అన్నీ బస్సుతోనే వస్తాయి. సత్రం దగ్గర బస్సు ఆగితే చాలు, గంటన్నరలో వేడి వేడి అన్నం, పప్పు, చారు. మా అమ్మ ఓసారి అలాంటి బస్సులో పద్దెనిమిది రోజులు తిరిగొచ్చింది. గంగ ఎలా ఉందమ్మా అని అడిగితే, "గంగమ్మకేం, చల్లగా ఉంది. పెళ్లయ్యాక పద్దెనిమిది రోజులు పొయ్యి దగ్గరకి వెళ్లకుండా అన్నం తినడం ఇదే మొదలు" అంది. అప్పుడు నవ్వుకున్నాం గానీ, బండి ఎంచుకోవలసి వచ్చేసరికి నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ మాటే.

అమెరికాలో చూసిన రకాలు

మా అమ్మాయి కాన్పుకి అమెరికా వెళ్లినప్పుడు, పాప కాస్త పెద్దయ్యాక, అల్లుడు గారు మమ్మల్ని ఓ మోటార్ హోమ్ అద్దెకి తీసుకుని నాలుగు రోజులు తిప్పారు. అక్కడ ఈ బళ్లలో బోలెడు రకాలు. పెద్ద బస్సంత ఉండేది ఒకటి. అందులో సోఫాలు, పెద్ద ఫ్రిజ్, పడకగది అన్నీ ఉంటాయి, కానీ దాన్ని తిప్పాలన్నా నిలపాలన్నా గొప్ప నేర్పు కావాలి. లారీ ముందు భాగంలాంటి క్యాబిన్ ఉండి, డ్రైవరు నెత్తి మీదుగా అటకలాంటి పడక ఉండేది రెండో రకం. పిల్లలున్న ఇళ్లవాళ్లు ఎక్కువగా తీసుకునేది ఇదే, మేమెక్కిందీ ఇదే. మామూలు వ్యానులోనే మడత మంచం, చిన్న పొయ్యి అమర్చిన క్యాంపర్ వ్యాను మూడోది. ఇద్దరికి సరిపోతుంది, ఊళ్లో సందుల్లోనూ తిరుగుతుంది. ఇవి కాక కారుకో పికప్ ట్రక్కుకో తగిలించి లాక్కుపోయే ట్రైలరు ఇళ్లు. వాటిని ఓ చోట వదిలేసి, కారొక్కటీ వేసుకుని ఊరు చూసి రావచ్చు.

అక్కడ బళ్లకన్నా నాకు నచ్చింది వాటికున్న ఏర్పాట్లు. ఈ బళ్లు ఆపుకోవడానికి ప్రత్యేకంగా స్థలాలుంటాయి. కరెంటు ప్లగ్గు, నీళ్ల కుళాయి, మురుగు వదలడానికి గొట్టం, అన్నీ అక్కడే. మంచినీళ్లకి ఒక ట్యాంకు, గిన్నెలు కడిగిన నీళ్లకి ఒకటి, టాయిలెట్‌కి ఇంకొకటి. ఆ మూడో ట్యాంకు మనమే గొట్టం తగిలించి ఖాళీ చేసుకోవాలి. అల్లుడు గారు చేతులకి గ్లౌజులు వేసుకుని ఆ పని చేస్తుంటే మావారు వెళ్లి సాయం పట్టారు. వీడియోల్లో ఈ ఘట్టం ఎవరూ చూపించరు మరి!

ఇంకో సంగతి. బండి నడుస్తుండగా మంచం మీద పడుకోవచ్చు, టీ కాచుకోవచ్చు అనుకుంటాం. అది తప్పు. బండి కదిలినంతసేపూ అందరూ సీట్లలో బెల్టు పెట్టుకుని కూర్చోవలసిందే. హఠాత్తుగా బ్రేకు వేస్తే మంచం మీది మనిషి వచ్చి ముందు అద్దానికి కొట్టుకుంటుంది. మంచం, పొయ్యి బండి ఆగాకే. ఈ ఒక్క సంగతి తెలిస్తేనే సగం కలలు సర్దుకుంటాయి.

మన దగ్గర ఎలా?

మన దేశంలో కేంద్ర పర్యాటక శాఖ కారవాన్ల గురించి ఒక విధానం తెచ్చింది. కేరళ ప్రభుత్వం 2021లో 'కేరవాన్ కేరళ' పేరుతో పెద్దయెత్తున మొదలుపెట్టింది. మన దగ్గర కారవాన్లు ఎక్కువగా టెంపో ట్రావెలర్‌లాంటి వ్యాన్ల మీద కట్టినవే. చాలావరకు డ్రైవరుతోనే అద్దెకి ఇస్తారు. మేమూ కొనడానికి ముందు రెండు రోజులకి ఒకటి మాట్లాడుకుని అరకు బయలుదేరాం. మావారు, నేను, మా అత్తగారు, మా ఆడపడుచు.

అరకు దారి కొత్తది కాదు మాకు. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట దాటాక ఘాటీ ఎక్కుతుంది. అంతా కలిపి 115 కిలోమీటర్ల చిల్లర. చాలా ఏళ్ల క్రితం పదకొండు మందిమి ఓ అద్దె వ్యానులో ఇదే దారిన వెళ్లాం. దారిలో ఆడవాళ్లకి వీలైన చోటు దొరకదేమోనని మా అత్తగారు ముందురోజు రాత్రి నుంచీ మంచినీళ్లు మానేశారు. పోనీ అని మేమూ చూసీ చూడనట్టు ఊరుకున్నాం. తిరిగొచ్చాక మూత్రంలో మంట, జ్వరం. వారం రోజులు మందులు వాడితే గానీ తేరుకోలేదు. ఆ రోజు నేను తెల్లవారుజామున మూడింటికి లేచి పులిహోర, దద్ధ్యోజనం, బంగాళాదుంప వేపుడు చేసి సర్దాను. ఘాటీలో అందరూ "అదిగో లోయ, ఇదిగో కాఫీ తోట" అంటుంటే నేను నిద్రపోయాను. అరకు నాకు ఫోటోల్లోనే తెలుసు!

అందుకని ఈసారి కారవాన్ అనగానే నేను ఒకే ఒక షరతు పెట్టాను. "వంటిల్లు చక్రాల మీద ఉన్నా సరే, అది మీదే. నేను కిటికీ పక్కన కూర్చుంటాను" అన్నాను మావారితో. ఆయన నవ్వి ఒప్పుకున్నారు.

సుఖం ఉంది, కాదనను. బొర్రా గుహల్లో మెట్లు దిగి ఎక్కడం మా అత్తగారి మోకాళ్లకి కుదరదు. ఇదివరకైతే ఆవిడ కోసం ఎవరో ఒకరు బయట రాతి మీద కూర్చోవలసి వచ్చేది. ఈసారి ఆవిడ బండిలో ఫ్యాను కింద హాయిగా నడుం వాల్చారు, మా ఆడపడుచు తోడు కూర్చుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఆవిడ ధైర్యంగా మంచినీళ్లు తాగారు. పెద్దవాళ్లున్న ఇంటికి, చంటిపిల్లల తల్లికి, షుగరు ఉన్నవాళ్లకి టాయిలెట్ ఉన్న బండి విలాసం కాదు, అవసరం.

కష్టమూ ఉంది. పక్కకి తిరిగి ఉండే సోఫా సీట్లలో కూర్చున్న మా ఆడపడుచుకి ఘాటీ మలుపుల్లో వాంతులయ్యాయి. ముందుకి చూసే సీట్లు ఎన్ని ఉన్నాయో చూసుకోకపోవడం మా పొరపాటే. బండి ఎత్తుగా ఉంటుంది కాబట్టి మలుపులో ఊగుతుంది, దారి మీదికి వంగిన కొమ్మలు పైకప్పుకి తగులుతాయి. ఘాటీ దిగేటప్పుడు డ్రైవరు బ్రేకు మీదే ఆధారపడకుండా చిన్న గేరులో దించాడు, అదే పద్ధతి.

బిందెడు నీళ్ల లెక్క

ట్యాంకు 100 లీటర్లు అని డ్రైవరు చెప్పినప్పుడు, అబ్బో చాలా అనుకున్నాను. లెక్కేసి చూడండి. మనిషికి ఒక బకెట్టు చొప్పున నలుగురి స్నానాలకి 60 లీటర్లు. మొహాలు కడగడానికి 10. వంటకి, తాగడానికి 12. గిన్నెలకి 20. టాయిలెట్‌కి మరో 20. ఒక్క రోజుకే వంద దాటిపోయింది! పోనీ పెద్ద ట్యాంకు పెట్టిద్దామా అంటే, లీటరు నీళ్లంటే కిలో బరువు. ఘాటీ ఎక్కే బండి మీద ఇంకో వంద కిలోలు వేసినట్టే.

మొదటి రోజు సాయంత్రం మావారు ఉప్మా చేశారు. బాగానే కుదిరింది. మూకుడు అడుగంటింది. దాన్ని తోమడానికి ఆయన పోసిన నీళ్లు చూసి నేను నోరు మూసుకుని కిటికీలోంచి కొండలు చూశాను. మర్నాడు పొద్దున్న పళ్లు తోముకునేసరికి ట్యాంకు ఖాళీ. "బయట ఇడ్లీ తిందాం పద" అన్నది ఆయనే.

గ్యాసు సంగతి మరీ జాగ్రత్త. బండి కదిలేముందు సిలిండరు కట్టేయాలి. వండేటప్పుడు కిటికీ తీసి ఉంచాలి. చలిగా ఉందని తలుపులన్నీ బిగించి లోపల పొయ్యి గానీ కుంపటి గానీ వెలిగించి పడుకోకూడదు. వాసన కూడా రాని విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. శీతాకాలం అరకులో రాత్రిళ్లు గజగజ వణికిస్తాయి కాబట్టి ఈ మాట నొక్కి చెబుతున్నాను. వెలిగించడానికి బదులు రెండు రగ్గులు ఎక్కువ పట్టుకెళ్లండి.

టాయిలెట్ డబ్బా ఎక్కడ ఖాళీ చేస్తారో బండి మాట్లాడుకునే రోజే అడగండి. రోడ్డు పక్కనో, గెడ్డలోనో పారబోయడం మహా పాపం. కింద ఊరివాళ్లు తాగేది ఆ నీళ్లే. రాత్రి బండి ఎక్కడ ఆపుతారు, అక్కడ కరెంటు ఇస్తారా, డ్రైవరు ఎక్కడ పడుకుంటాడు అన్నవీ ముందే తేల్చుకోవాలి. మేము డ్రైవరు పడక గురించి ఆలోచించనేలేదు. పాపం అతను ముందు సీట్లో ముడుచుకుని పడుకుంటే మాకు నిద్ర పట్టలేదు. చివరికి దగ్గర్లోని బసలో అతనికో మంచం మాట్లాడాం.

సొంతానికైతే...

తిరిగొచ్చాక మావారి ఉత్సాహం తగ్గలేదు గానీ, ప్రశ్నలు మాత్రం పెరిగాయి. సొంత బండి అంటే కాగితాలు. వాహనాల చట్టం ప్రకారం బండి తయారీ వివరాలకి తేడా వచ్చేలా మనిష్టం వచ్చినట్టు మార్పులు చేయకూడదు, ఆర్.సి.లో నమోదు కావాలి. ఆటోనగర్‌లో మేస్త్రీ ఎంత పనిమంతుడైనా, కాగితం సరిగా లేకపోతే ప్రమాదమైనప్పుడు ఇన్సూరెన్సువాళ్లు కాదనే వీలుంది. మామూలు కారు లైసెన్సు 7,500 కిలోలు దాటిన బళ్లకి చెల్లదు కూడా.

ఆ తరువాత మన ఊరి ఉప్పుగాలి. మన గ్రిల్సు, ఫ్రిజ్ కాళ్లు ఎంత త్వరగా తుప్పు పడతాయో విశాఖ ఆడవాళ్లకి వేరే చెప్పాలా? ఏడాదికి ఇరవై రోజులు తిరిగే బండి మిగతా మూడొందల నలభై అయిదు రోజులూ వీధిలోనే ఉంటుంది. కదలని బండికి బ్యాటరీ దిగిపోతుంది, టైర్లు బీటలిస్తాయి, ఇన్సూరెన్సు మాత్రం ఆగదు.

మావారు ఆఖరి అస్త్రం తీశారు. "2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్లు లేవు. అప్పుడీ బండి ఉండుంటే?" అన్నారు. నిజమే, తుఫాను వెళ్లాక ట్యాంకులో నీళ్లు, బ్యాటరీ దీపం ఉంటే ఎంతో మేలు. కానీ ఆ రోజు గాలికి మన వీధిలో చెట్లే నిలబడలేదు, ఎత్తయిన వ్యాను నిలబడేదా అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "పోనీ ఇంటి మీద ఇంకో ట్యాంకు పెట్టిద్దాం" అన్నారు!

ఏ ఇంటికి ఏ బండి?

మా అనుభవం మీద నాకు తోచింది చెబుతాను. మీ ఇంటిని బట్టి మార్చుకోండి.

* ఇద్దరే ఉంటే: చిన్న క్యాంపర్ వ్యాను చాలు. నిలపడానికి, తిప్పడానికి సులువు.

* పెద్దవాళ్లతో నలుగురైదుగురు: టాయిలెట్ ఉన్న కారవాన్ అద్దెకి. ముందుకి చూసే సీట్లు, మెట్టు ఎత్తు, పట్టుకోవడానికి కమ్మీ ఉన్నాయో లేదో ఎక్కి చూడండి. ఫోటో చూసి డబ్బు కట్టకండి.

* పది పన్నెండు మంది: మామూలు టెంపో ట్రావెలర్, రాత్రికి గదులు. అంతమందికి చక్రాల మీద వంటిల్లు అంటే ఆ ఇంటి కోడలికి శిక్షే.

* దూర యాత్రలు, ఎక్కువ రోజులు: వంటవాళ్లతో వచ్చే యాత్రా బస్సు. మా అమ్మ సాక్ష్యం ఉంది కదా!

* ఒక్క అరకే చూడాలంటే: రైలు. బైలదిల్లా ముడి ఇనుము విశాఖ రేవుకి చేర్చి జపాను పంపడానికి 1960లలో వేసిన లైను ఇది. యాభైకి పైగా సొరంగాలు, దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున శిమిలిగుడ స్టేషను. 2017 ఏప్రిల్‌లో దీనికి అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టె తగిలించారు. సీట్లు ఎటు కావాలంటే అటు తిరుగుతాయి. టాయిలెట్ ఉంటుంది, వాంతుల బెడద తక్కువ, వండవలసిన పని అసలే లేదు. టికెట్టు మాత్రం ముందుగా చేయించుకోవాలి.

ఏ బండైనా ఇంట్లోంచి ఇవి పట్టుకెళ్లండి: జంతికలు, సున్నుండలు, వేయించిన అటుకులు, నిమ్మకాయలు, అల్లం ముక్కలు, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, పాత దుప్పటి, టార్చిలైటు, చెత్తకి రెండు సంచులు. పులిహోర కావాలంటే ముందురోజు పులుసు ఉడికించి పెట్టుకుని, పొద్దున్న అన్నం మాత్రం వండించండి. వండించండి అన్నాను, గమనించారు కదా!

మేం బండి కొనలేదు. డబ్బు బ్యాంకులోనే ఉంది. ఏటా శీతాకాలంలో ఓసారి కారవాన్ అద్దెకి తీసుకోవాలని, మిగతా ఊళ్లు రైల్లో తిరగాలని రాజీకొచ్చాం. మా అత్తగారైతే, "ఈసారి ఆ అద్దాల పెట్టెలోనే వెళదామర్రా" అంటున్నారు. మావారికి కొంచెం దిగులుగానే ఉంది, కానీ అద్దె బండిలో ఉప్మా ఆయనదే అన్న ఒప్పందం అలాగే ఉంది. మూకుడు తోమడం కూడా.

మొన్న మళ్లీ చుట్టాలొస్తే కురుసురకి వెళ్లాం. వంటగది దగ్గర ఈసారి మావారు కూడా ఆగారు. "ఇంత చోటులో అంతమందికి ఎలా వండాడో పాపం" అన్నారు. నేనేమీ అనలేదు.

మీ ఇంట్లో ఎవరైనా కదిలే ఇల్లు కొందామంటే కాదనకండి. రెండు రోజులకి అద్దెకి తీసుకుని బయలుదేరండి. పడకలు, ఏసీ, టీవీ సంగతి తర్వాత. బండెక్కే ముందు ఒక్కటి తేల్చుకోండి: అందులో గరిటె ఎవరి చేతికి, కిటికీ సీటు ఎవరికి?